కాలువకు అడ్డం కూర్చున్న గుర్దిత్తా

అనగనగా, మన తాతల తాతలు కూడా విన్నారే తప్ప చూడని కాలంలో, ఐదు నదుల దేశంలో కాలీ బేయీ అని ఒక చిన్న నది. గురు నానక్ ఆ నీళ్ళలో మునిగి, మూడో నాటి పొద్దున పైకి వచ్చారని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. అందుకని ఆ నీటిని ముందు కళ్ళకద్దుకుని, ఆ తర్వాతే కాలు పెట్టేవాళ్ళు.

ఆ ఒడ్డున గుర్దిత్తా అని ఒక పడవవాడు. ఇల్లూ లేదు, ఇల్లాలూ లేదు. ఈ ఒడ్డు జనాన్ని ఆ ఒడ్డుకు, ఆ ఒడ్డు జనాన్ని ఈ ఒడ్డుకు చేర్చేవాడు. నది మెల్లగా పారేది. పడవ మెల్లగా సాగేది.

కాలం గడిచింది. ఊళ్ళు పెరిగాయి. పై ఊరు తన మురుగును నదిలోకి వదిలింది. నడిమి ఊరు వదిలింది. గుర్దిత్తా ఉండే కింది ఊరూ వదిలింది. ఆ మురుగు తిని గుర్రపుడెక్క బలిసింది. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా పచ్చగా పరుచుకుంది. నది పారడం మానేసింది. పడవ సాగడం మానేసింది. గుర్దిత్తా మూటలు మోసి పొట్ట పోసుకున్నాడు.

ఒకనాడు నిహాలో అనే ముసలమ్మ ఎక్కడి నుంచో నడుచుకుంటూ వచ్చింది. పోయేలోగా గురువుగారి నదిలో ఒక్క మునక వేయాలని ఆవిడ కోరిక. ఒడ్డున కూర్చున్న గుర్దిత్తాను నది ఎక్కడని అడిగింది.

“ఇదేనమ్మా” అన్నాడు.

ఆవిడ ఆ పచ్చదనాన్ని చాలాసేపు చూసింది. “ముసలిదాన్ని ఆట పట్టించకు నాయనా. ఇది పచ్చిక బయలు. నేనడిగింది నదిని.”

గుర్దిత్తాకు తల ఎత్తబుద్ధి కాలేదు. నీళ్ళలోకి దిగాడు. డెక్కను పీకాడు, ఒడ్డున వేశాడు. పీకాడు, వేశాడు. పొద్దు వాలేసరికి మంచమంత చోటు తెరుచుకుంది. అందులో ఒక మబ్బు తునక కనిపించింది. నీళ్ళు వాసన వేస్తున్నాయి. అయినా నిహాలో మొహం తిప్పుకోలేదు. వాహెగురూ అని దేవుణ్ణి తలుచుకుంటూ మూడు మునకలు వేసి, తడి బట్టలతోనే పైకి వచ్చింది.

“నదే నాయనా. ఇంకా బతికే ఉంది” అని చెప్పి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

ఆ మాట గుర్దిత్తాను నిద్రపోనివ్వలేదు. తెల్లారి చూస్తే ఆ చోటు మళ్ళీ మూసుకుపోయింది. మళ్ళీ దిగాడు. జనం నవ్వారు. కొన్నాళ్ళకు నవ్వడం మాని చూశారు. ఇంకొన్నాళ్ళకు, చూసినవాళ్ళే పంచెలు ఎగ్గట్టి దిగారు. ఎండలు పోయాయి, వానలు పోయాయి. పచ్చ దుప్పటి మడతలు మడతలుగా ఒడ్డుకు చేరింది.

కానీ తీసినంతా మళ్ళీ మొలిచేది. మురుగు రావడం ఆగలేదు. మురుగు కాలువను చేల వైపు మళ్ళించమని గుర్దిత్తా ఊరి పెద్దను మూడుసార్లు అడిగాడు. కోతలు అయిపోనీ అన్నాడు ఆయన ఒకసారి. ఇంట్లో పెళ్ళి అయిపోనీ అన్నాడు ఇంకోసారి. మూడోసారి, నదిలో కాకపోతే నీ నెత్తిన పోయమంటావా అని కసిరాడు.

గుర్దిత్తా నేరుగా వెళ్ళి, మురుగు నదిలో పడేచోట కాలువకు అడ్డంగా కూర్చున్నాడు. చలికాలం. ఊరందరి కుడితీ, కడుగునీళ్ళూ అతని వీపు మీదే పడ్డాయి. అతను కదల్లేదు.

పొద్దున్నే ఊరి పెద్ద భార్య ఖేమ్ కౌర్ పేడనీళ్ళ కుండతో వచ్చింది. చూసి ఆగిపోయింది.

“అన్నా, పక్కకు జరుగు. నీ మీద ఎట్లా పోయను?”

“గురువుగారు మునిగిన నీళ్ళలో పోస్తున్నావు కదమ్మా ఇన్నాళ్ళూ. నా మీద పోయడానికి ఏముంది?”

ఖేమ్ కౌర్ కుండ మళ్ళీ నెత్తికెత్తుకుంది. వెనక్కి తిరిగి, తన ఆవాల చేను దాకా మోసుకెళ్ళి అక్కడ పోసింది. పక్కింటామె ఆ వెనకే నడిచింది. ఆడవాళ్ళంతా కుండలు మోయడం చూసి మగవాళ్ళు పలుగులు పట్టుకున్నారు. ఊరి పెద్ద కూడా తలపాగా తీసి పక్కన పెట్టాడు. కాలువ చేల వైపు తిరిగింది. ఆ సంగతి తెలిసి నడిమి ఊరు మళ్ళించుకుంది, పై ఊరు మళ్ళించుకుంది. ఆ ఏడు ఆవపూలు మనిషెత్తు పూశాయి.

గుర్దిత్తాకు మాత్రం జ్వరం పట్టుకుంది. చలి ఎముకల్లోకి దిగిపోయింది. తనను పడవలో పడుకోబెట్టమన్నాడు. పడుకోబెట్టారు. తెడ్డు ఎవరూ ముట్టలేదు. పడవ తనంతట తానే ఒడ్డు వదిలింది. అప్పుడు అందరికీ తెలిసింది, నది పారుతోందని. ఖేమ్ కౌర్ ఒడ్డు వెంట నడుస్తూ పోయింది. నది మెల్లగా పారింది. పడవ మెల్లగా సాగింది. అవతలి ఒడ్డుకు తగిలేసరికి గుర్దిత్తా కన్నుమూశాడు. పైన ఎగిరే కొంగల నీడలు అతని మొహం మీదుగా పోతున్నాయి.

ఇప్పటికీ ఆ ఒడ్డు ఊళ్ళలో ఎవరూ మురుగు నదిలో వేయరట. చేలోనో చెట్టు మొదట్లోనో పోస్తారు. అక్కడా ఊరికే పోయరు. కుండ వంచేముందు ఒక్క క్షణం ఆగి, “గుర్దిత్తన్నా, పక్కకు జరుగు” అంటారు. అతను లేవడానికి పట్టేంతసేపు ఆగుతారు. ఆ తర్వాతే పోస్తారు.