పెర్ల్ స్పీడ్‌వేలో ఆవు గంట

అమెరికా దక్షిణాన, జార్జియా ఎర్రమట్టి గుట్టల నడుమ పెర్ల్ స్పీడ్‌వే ఉంది. చుట్టుకొలత పావు మైలుకు మించదు. ప్రతి శనివారం సాయంత్రం ఇక్కడ కార్లు దుమ్ము రేపుకుంటూ పోటీ పడతాయి. ఇక్కడ ప్రదక్షిణ ఎడమకే. ఎందుకని డ్రైవర్లను అడిగితే, "మాకేం తెలుసు, ఆవుల్ని అడగండి" అంటారు.

పూర్వం ఇక్కడ వెర్నా టాల్బర్ట్ అనే పాడిరైతు పచ్చికబయలు ఉండేది. నడుమ ఉన్న బురదగుంటను తప్పించుకుని ఆవులు ఎడమకు చుట్టి పాకకు పోయేవి. ఏళ్లతరబడి వాటి గిట్టలకు నేల గట్టిపడి కోడిగుడ్డు ఆకారంలో దారి పడింది. వెర్నా భర్త రోడ్డు మలుపులో లారీ బోల్తాపడి చనిపోయాడు. అదే మలుపులో ఆమె ఒక్కగానొక్క కొడుకు లీమన్, పక్క ఊరి వర్జిల్ స్టబ్స్‌తో కారు పందేలకు దిగాడు. చెప్పి చెప్పి ఆమె నోరు నొప్పెట్టింది. పురాణాల్లోలాగా కలలో ఎవరూ కనబడి దారి చూపలేదు. కొడుకు కారు చప్పుడు కోసం చెవులు రిక్కించిన తల్లికి నిద్ర పడితే కదా!

ఒక ఉదయం ఆవుల దారి చూసి ఆమెకే ఉపాయం తోచింది. ఇద్దరినీ పిలిచి, "తిరిగితే ఈ ఆవుల దారిలో, నా కళ్లెదుట తిరగండి. ఒక్కరికి దెబ్బ తగిలినా సోమవారం దున్నించి మొక్కజొన్న వేసేస్తాను" అంది.

తొలి పందేనికి ఊరంతా వచ్చింది. చివరి చుట్టులో లీమన్ ముందున్నాడు, వర్జిల్ వెనుకే ఉన్నాడు. సరిగ్గా అప్పుడే పాల వేళ అయింది. మందకు పెద్దదైన పెర్ల్ అనే ఆవు కంచె తోసుకుని, గంట మోగించుకుంటూ తన దారిన తాను వచ్చి మూడో మలుపులో నిలబడింది. లీమన్ బ్రేకు తొక్కాడు. పక్కన ఖాళీ ఉంది, దూసుకుపోతే గెలుపు వర్జిల్‌దే. ఎన్నడూ ఎవరికీ దారి ఇవ్వని ఆ మొండిఘటం కూడా ఆగాడు. దిగి, ఆవును మెడపట్టీ పట్టుకుని పాక దాకా నడిపించి వచ్చాడు.

"గెలిచేవాడివి కదా, ఎందుకు ఆగావు?" అని లీమన్ అడిగాడు.

"దాని పాల వేళ కదరా" అన్నాడు వర్జిల్.

కంచె దగ్గర వెర్నా ఏడ్చేసింది. "ఆవు కోసం ఆగినవాళ్లు మనిషి కోసం ఆగకపోతారా? ఇక నాగలి మాట ఎత్తను" అంది.

నేటికీ పందెం మధ్యలో, పాల వేళకు, ఆ ఇంటి ఆడపడుచు ఒకరు ఆనాటి పెర్ల్ ఆవు మెడలోని గంట మోగిస్తుంది. ఎవరు ఎంత ముందున్నా ఇంజన్ ఆపవలసిందే. ఆ గంట విన్న డ్రైవర్లు క్షేమంగా ఇల్లు చేరుతారని ఇక్కడివారి విశ్వాసం. లీమన్ ఎనభై నాలుగేళ్లు బతికి, తన మంచం మీద, నిద్రలో పోయాడు. వెర్నా కోరుకున్నది అంతే.