కరకమ్మ చెలమ పాట

కొండల నడుమ తునికికోన అనే అడవి ఉండేది. ఎలుగుబంట్లు, అడవిపందులు, ఏదుపందులు, దుప్పులు, ఉడుతలు, కొండముచ్చులు, లెక్కలేనన్ని పిట్టలు ఆ కోనలో కాపురముండేవి. కోన మధ్యగా పిల్లవాగు పారేది. వానలకు ఆ వాగు ఒళ్ళు తెలియకుండా పొంగేది. ఎండలు ముదిరాయంటే చాలు, చుక్క నీరు లేకుండా ఎండి, తెల్లని ఇసుకంతా బయటపెట్టుకుని పడి ఉండేది.

అయినా కోనలో ఏ ప్రాణీ దాహంతో చావలేదు. అది కరకమ్మ చలవ.

కరకమ్మ ముసలి ఎలుగుబంటి. మూతి మీది వెంట్రుకలు నెరిసిపోయాయి. ఎండిన వాగులో సరైన చోటు చూసి ఇసుక తవ్వితే అడుగు నుంచి నీళ్ళు ఊరతాయి. ఆ గుంటనే చెలమ అంటారు. కోనలో చెలమ తీయడం తెలిసింది కరకమ్మకు ఒక్కదానికే. చోటు వెతకడం తనే, ఇసుక తవ్వడం తనే. అంచు కూలిపోకుండా పుల్లలు గుచ్చి దడి కట్టడం తనే. చిల్లగింజ కొరికి వేసి, బురదను అడుగుకు దింపి, నీటిని తేర్చడమూ తనే. అందరూ తాగేదాకా చిరుత రాకుండా కాపు కాయడం కూడా తనే.

ఇంత పనీ ఒక పొడుగాటి పాటగా ఆమె తలలో ఉండేది. అది వాళ్ళమ్మ నేర్పిన పాట.

"తుంగ మొదలు చూడవే, చెమ్మ వాసన పట్టవే" అని ఎత్తుకుంటే, ఒక్కో చరణానికి ఒక్కో పని చేసుకుంటూ పోయేది. చిక్కల్లా ఒకటే. పాటను మధ్యలో ఆపకూడదు. ఆగితే తర్వాతి చరణం అందదు. మళ్ళీ మొదటి నుంచి పాడుకోవలసిందే. అందుకే కరకమ్మ పాడుతున్నంతసేపూ కోనంతా గట్టు మీద నోరు మూసుకుని నిలబడేది.

"ఎవరూ కదలకండి. నా పాట చెడుతుంది," అనేది కరకమ్మ. అలా అనడంలో ఆమెకు కాస్త గొప్పగానే ఉండేది.

కాలం ఎవరి కోసం ఆగుతుంది? కరకమ్మకు మరుపు మొదలైంది. నిన్న తిన్న చెదలపుట్ట ఎక్కడుందో ఇవాళ గుర్తుండేది కాదు. ఉడుతను పిలవబోయి, ఎప్పుడో పోయిన వాళ్ళమ్మ పేరు పెట్టి పిలిచేది. ఎవరైనా నవ్వితే తనూ నవ్వేది. లోపల మాత్రం భయపడేది. 'పుట్ట మరిచిపోతే నా కడుపు మాడుతుంది, అంతేగా! పాట మరిచిపోతే? కోన గొంతు ఎండిపోదూ?' అనుకునేది. రోజూ పొద్దున్నే లేచి, పాట ఉందో పోయిందో అని లోలోపల ఒకసారి పాడుకుని చూసుకునేది.

ఆ ఏడు ఎండలు ముందే ముదిరాయి. కరకమ్మ వాగులోకి దిగి పాట ఎత్తుకుంది. చోటు దొరికింది. ఇసుక తవ్వింది. అంతలో గట్టు మీద దుప్పి కూన ఒకటి దాహానికి తాళలేక "అమ్మా!" అని అరిచింది. కరకమ్మ తల తిప్పి చూసింది. పాట తెగింది.

మొదటి నుంచి పాడే ఓపిక లేదు. తెగిన చోటు ఇదేనేమో అనుకుని ఒక చరణం అందుకుంది. మధ్యలో దడి కట్టే చరణం జారిపోయింది. ఆ సంగతి ఆమెకు తెలియనే లేదు.

నీళ్ళు ఊరాయి. తేటపడ్డాయి. దుప్పి కూన పరుగెత్తుకొచ్చి మూతి ముంచింది. అంచు ఇసుక జరజరా జారి కూన మీద కూలింది. తల్లి దుప్పి గోల పెట్టింది. కరకమ్మ ఏ చరణం తప్పిందో అని పాట వెతుక్కుంటూ నిలబడిపోయింది. అడవిపంది బురదమ్మ ఒక్క దూకు దూకి, మూతితో ఇసుకను ఎగదోసి, కూనను బయటికి లాగింది. కూన తుమ్మింది, దగ్గింది, బతికింది.

ఎవరూ కరకమ్మను ఒక్క మాట అనలేదు. అందుకే ఆమెకు మరింత కష్టమైంది. ఇసుకలో కూలబడి, "నా తల చిల్లు కుండ అయిపోయింది," అంది.

కొండముచ్చు తోకరాయుడు కొమ్మ మీద నుంచి దిగి వచ్చాడు. కోనలో అంత పొడుగు తోక ఇంకెవరికీ లేదు. దాన్ని భుజం మీద వేసుకుని గానీ నడిచేవాడు కాదు.

"అత్తా, ఏడవకు. ఆ పాట నాకు చెప్పు. నా తల కుర్ర తల. ఒక్కసారి వింటే చాలు. ఇక నుంచి చెలమకు పెద్దను నేనే," అన్నాడు.

కరకమ్మ చెప్పింది. తోకరాయుడు నిజంగానే ఒక్క అక్షరం పోకుండా అప్పజెప్పాడు. కోనంతా ఆశ్చర్యపోయింది. బురదమ్మ మాత్రం మూతి విరిచింది.

"బాగానే ఉంది రాయుడూ. రేపు నీకు జ్వరం వస్తే మేమేం తాగాలి?"

"నాకు జ్వరమా? నీ బురద మూతికి వస్తుంది గానీ నాకెందుకు వస్తుంది!"

అందరూ నవ్వారు. కరకమ్మ నవ్వలేదు. బురదమ్మ మాట ఆమె మనసులో ముల్లులా గుచ్చుకుంది. పాట ఒక తలలోంచి ఇంకో తలలోకి మారిందే గానీ, ఒక్క తలలోనే ఉంది కదా! కూన ఇసుకలో కూరుకుపోయినప్పుడు తను పాట వెతుక్కుంటూ నిలబడిపోయింది. బురదమ్మ ఏ పాటా లేకుండానే దూకింది. మూతికి చేతనైన పని చేసేసింది.

మర్నాడు పొద్దున్నే కరకమ్మ అందరినీ పిలిచింది.

"పాటను ముక్కలు చేస్తాను. ఎవరి ముక్క వాళ్ళు పట్టుకోండి," అంది.

"పాటను ముక్కలు చేస్తే పాటవుతుందా? చింకి పాత అవుతుంది!" అన్నాడు తోకరాయుడు. అలిగి, తన కొండముచ్చుల మందను వెంటబెట్టుకుని వాగు ఎగువ మలుపుకు వెళ్ళిపోయాడు. "అక్కడ నా చెలమ చూద్దురు గాని రండి!" అని అరిచి మరీ వెళ్ళాడు.

కరకమ్మ బురదమ్మ వైపు తిరిగింది. "చోటు వెతికే ముక్క నీది. తుంగ మొదలు ఎలా చూడాలంటే..."

"ఎలాగో నాకు చెప్పకు పెద్దమ్మా. నా ముక్కుంది. నీళ్ళున్న చోట కాలితో గీత గీస్తాను. గీత కనిపిస్తే తవ్వు."

"అది కాదే, నువ్వు ఎలా కనిపెడతావో నాకు తెలియాలి కదా?"

"తెలిసి ఏం చేస్తావు? మళ్ళీ మరిచిపోవడానికా?" అంది బురదమ్మ.

అందరూ గతుక్కుమన్నారు. కరకమ్మ మాత్రం పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ ఏడు ఆమె మనసారా నవ్వడం అదే మొదలు.

అలా పని పంచుకున్నారు. బురదమ్మ గీత గీయాలి. గీత దగ్గర కరకమ్మ తవ్వాలి. తడి ఇసుక తగలగానే ఒక్కసారి గట్టిగా బుస కొట్టాలి. ఆ బుస విని ఏదుపంది సూదయ్య పుల్లలతో రావాలి. దడి కట్టాక ముళ్ళు గలగలలాడించాలి. ఆ చప్పుడు విని ఉడుత చిట్టెమ్మ చిల్లగింజ కొరికి వేయాలి. నీళ్ళు తేరాక కిచకిచమనాలి. అప్పుడు అందరూ వచ్చి తాగాలి. ఇసుకలో తిరిగే తీతువు పిట్ట కాపు కాయాలి. అది మాట్లాడకుండా ఉంటే భయం లేదు. అరిచిందంటే తాగడం ఆపి పరుగెత్తాలి.

సూదయ్యకు పుల్లలు ఏ చెట్టువో కరకమ్మ చెప్పబోయి నాలుక కరుచుకుంది. "దడి నిలబడాలి సూదయ్యా. పుల్ల నీ ఇష్టం," అంది. సూదయ్య తనకు నచ్చిన పుల్లలే తెచ్చాడు. దడి కరకమ్మ కట్టిన దడి కంటే గట్టిగా నిలిచింది.

మొదటి రోజు చిట్టెమ్మ కంగారుపడి ముళ్ళ చప్పుడు వినకముందే గింజ వేసింది. అందరి కంటే ముందు తనే నవ్వుకుంది. రెండోసారి సరిగ్గా వేసింది. ఎవరూ ఎవరినీ మొదటి నుంచి ఎత్తుకోమనలేదు. తప్పు ఎక్కడ జరిగిందో అక్కడే దిద్దుకున్నారు.

కొన్నాళ్ళకు తీతువు పిట్ట గులకరాళ్ళ మధ్య గుడ్లు పెట్టింది.

"గుడ్లు వదిలి రాలేను పెద్దమ్మా," అంది బెంగగా.

"నువ్వు పొదుగు తల్లీ. నీ కాపు నేను కాస్తాను," అంది నెమలి. తీతువు నేల మీద తిరిగి చూసేది. నెమలి చెట్టెక్కి చూసేది. ఎలా చూస్తే ఏం? మాట్లాడకపోతే భయం లేదు, అరిస్తే పరుగెత్తాలి. అదే మాట. దుప్పులకు కాపు మారిన సంగతే తెలియలేదు. ఎప్పటిలాగే వచ్చి తాగి వెళ్ళాయి.

ఎగువ మలుపులో తోకరాయుడు కూడా చెలమ తీస్తున్నాడు. పాట తప్పు పోకుండా పాడుతున్నాడు. చోటు తనే వెతకాలి, తనే తవ్వాలి, తనే దడి కట్టాలి. మందలో ఎవరైనా సాయానికి వస్తే, "కదలకండి! నా పాట చెడుతుంది!" అని కసురుకునేవాడు. పాపం, మంద గట్టు మీద కూర్చుని పేలు చూసుకునేది.

ఒక సాయంత్రం చిరుత వాగు వైపు వచ్చింది. చెట్టు మీది నెమలి కోన దద్దరిల్లేలా అరిచింది. దిగువ చెలమ దగ్గర దుప్పులు ఒక్క గెంతులో పొదల్లో పడ్డాయి. చిట్టెమ్మ చెట్టెక్కింది. కరకమ్మ బండ చాటుకు పోయింది. చిరుతకు అక్కడ ఏమీ దొరకలేదు. అది ఎగువకు నడిచింది.

నెమలి అరుపు ఎగువకూ వినబడింది. మంద చెట్లెక్కేసింది.

"రాయుడూ, వచ్చెయ్! చిరుత!" అని కేకలు వేసింది.

తోకరాయుడు దడి చరణంలో ఉన్నాడు. 'ఇప్పుడు ఆపితే మళ్ళీ తుంగ మొదలు నుంచి పాడాలి. పొద్దున్నుంచి పడ్డ పాట్లన్నీ వృథా. ఇంకొక్క చరణం, అంతే!' అనుకున్నాడు. పాట ఆపలేదు.

చిరుత దూకింది. తోకరాయుడు ఎగిరి కొమ్మ పట్టుకున్నాడు. వాడు దక్కాడు. తోకలో సగం మాత్రం చిరుత నోట్లో ఉండిపోయింది. ఆ భయానికి, వచ్చిన పాట మొత్తం ఒక్కసారిగా ఎగిరిపోయింది. ఎంత గింజుకున్నా మొదటి చరణం కూడా నాలుకకు రాలేదు.

మర్నాడు కొండముచ్చుల మంద ఎండిన నాలుకలతో దిగువకు వచ్చింది. తోకరాయుడు అందరి వెనకా ఉన్నాడు. భుజం మీద వేసుకునేంత తోక మిగల్లేదు.

"తాగండి నాయనా, ముందు తాగండి," అంది కరకమ్మ.

కడుపు నిండాక తోకరాయుడు మెల్లగా దగ్గరికి వచ్చాడు. "అత్తా, నాకూ ఒక ముక్క ఇస్తావా?"

"నీ చేతులు మంచివి. సూదయ్య దడికి రాళ్ళు మొయ్యి."

"మోస్తాను. రాళ్ళు పెట్టాక ఏం జరుగుతుంది?"

"ఏమో నాయనా, నాకు గుర్తులేదు. రాళ్ళు పట్టుకురా!"

బురదమ్మ పడీ పడీ నవ్వింది. తోకరాయుడు కూడా నవ్వాడు. రాళ్ళు తెచ్చాడు.

ఎండలు నిప్పులు చెరుగుతున్న రోజుల్లో, ఒక పొద్దున కరకమ్మ లేచి, అలవాటుగా లోలోపల పాట ఎత్తుకోబోయింది. ఏమీ రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. తుంగ లేదు, చెమ్మ లేదు. వాళ్ళమ్మ గొంతు కూడా లేదు. తలలో తెల్లని ఇసుక పరుచుకుని ఉన్నట్టుంది. ఏ రోజు వస్తుందని ఇన్నాళ్ళూ భయపడిందో ఆ రోజు వచ్చేసింది. కరకమ్మ కదలకుండా కూర్చుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు వాగులోంచి కేక వినబడింది.

"పెద్దమ్మా! గీత గీశాను! వస్తున్నావా, ఎండ నెత్తికెక్కాక వస్తావా?"

కరకమ్మ లేచింది. వాగులోకి నడిచింది. ఇసుక మీద గీత ఉంది. గీత చూడగానే ఆమె పంజాలు వాటంతటవే తవ్వడం మొదలుపెట్టాయి. వాటికి పాటతో పని లేకపోయింది. తడి ఇసుక తగిలింది. బుస కొట్టింది. సూదయ్య వచ్చాడు, వెనకే తోకరాయుడు రాళ్ళతో వచ్చాడు. ముళ్ళు గలగలలాడాయి. గింజ పడింది. చిట్టెమ్మ కిచకిచమంది. చెట్టు మీద నెమలి మాట్లాడకుండా కూర్చుంది. ఆనాడు ఇసుకలో కూరుకుపోయిన దుప్పి కూన ఇప్పుడు కాస్త పొడుగైంది. అది అందరికంటే ముందు వచ్చి మూతి ముంచింది.

పాట పోయింది. చెలమ నిండింది.

ఆ రోజు కరకమ్మ అందరూ తాగాక, చివర తాగింది. ఆ నీళ్ళు ఎన్నడూ లేనంత తియ్యగా ఉన్నాయి. తాగి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళింది. "చల్లగా ఉండు తల్లీ," అని బురదమ్మ మూతి నిమిరింది. "చల్లగా ఉండు నాయనా," అని సూదయ్యను ముళ్ళు గుచ్చుకోకుండా ముక్కు మీద ముద్దాడింది. చిట్టెమ్మను చూసి పేరు గుర్తు రాక తడుముకుంది.

"పేరుతో పనేముంది పెద్దమ్మా? నువ్వు బుస కొడితే మేమంతా వస్తాం కదా!" అంది చిట్టెమ్మ.

కరకమ్మ నిండుగా నవ్వింది. "మీ అందరి కడుపులూ చల్లగుండ! ఇన్నాళ్ళూ కోనను నేను మోస్తున్నాననుకున్నాను. మీరు నన్ను మోస్తున్నారు," అంది.

ఆ రాత్రి ఆమె హాయిగా నిద్రపోయింది. మరుసటి పొద్దున లేచి, పాట ఉందో పోయిందో చూసుకోలేదు. గీత కోసం నేరుగా వాగుకు నడిచింది.

నీతి: పనంతా ఒక్క తలలో దాచుకుంటే, ఆ తల తడబడిన నాడు అంతా ఆగిపోతుంది. ఎవరి వంతు వారికిచ్చి, ఒకరి పిలుపుకు ఒకరు పలికితే, ఒకరు మరిచినా అందరి దాహమూ తీరుతుంది.