గోడ అవతలి ఇసుక

ఊరి చివర ఫకీరు కరీముల్లా షా ఉండే తకియాలో ఒక ఆడకుక్క ఈని, పిల్లలతో సహా అక్కడే మకాం పెట్టింది. పిల్లల పొట్టలు కుండల్లా ఉబ్బి ఉన్నాయి. శిష్యుడు జిలానీకి వాటిని చూస్తేనే ఒళ్ళు జలదరించేది.

"వీటిని బయటికి తోలేద్దాం హజ్రత్. నమాజుకని కాళ్ళు కడుక్కుని నాలుగడుగులు వేస్తే మళ్ళీ వీటి మురికే."

"ముందు వాటి కడుపు సంగతి చూడు బేటా" అన్నారు గురువు.

జిలానీ పశువుల డాక్టరు దగ్గర మందు తెచ్చి తల్లికీ పిల్లలకీ పట్టాడు. మర్నాడు వాటి పెంటలో ఏలికపాములు పడ్డాయి, ఉడికిన సేమ్యాల్లా. ఆ పూట జిలానీకి అన్నం సయించలేదు. ముక్కు మూసుకుని అంతా రేకుతో ఎత్తి గోడ అవతలికి విసిరేశాడు. అప్పట్నుంచీ రోజూ అదే పని.

నెల తిరిగేసరికి పిల్లలు కోలుకుని గంతులేస్తున్నాయి. తకియా వాకిట్లో నేలమీద అన్నం పోసుకుని తినొచ్చు, అంత శుభ్రం. జిలానీ పొంగిపోయాడు.

"పెంటలో కంటికి కనబడని గుడ్లుంటాయట హజ్రత్. మట్టిలో ఏళ్ళ తరబడి బతికి, చేతుల్లోంచి నోట్లోకి పోతాయని డాక్టరు చెప్పాడు. మన వాకిట్లో ఒక్కటి ఉంటే ఒట్టు! ఇక ఈ కుక్కల్ని బయటికి పంపేద్దామా?"

గురువు లేచి, ఒక తట్ట తీసుకుని గేటు దాటి గోడ అవతలికి నడిచారు. జిలానీ వెంట వెళ్ళాడు.

అక్కడ ఎవరో ఇల్లు కట్టుకోవడానికి పోయించిన ఇసుక ఉంది. వీధి పిల్లలు అందులో పిచ్చుకగూళ్ళు కడుతున్నారు. ఒక పిల్ల ఇసుక చేత్తోనే బొరుగులు బుక్కుతోంది. ఆ పిల్ల మోకాలి పక్కనే జిలానీ విసిరిన పెంట ఎండి తెల్లబడి ఉంది.

"ఉమ్మెయ్ తల్లీ, ఉమ్మెయ్!" అంటూ జిలానీ పరిగెత్తాడు.

పిల్లలందర్నీ తకియా కొళాయి దగ్గరికి తీసుకెళ్ళి సబ్బుతో చేతులు కడిగించాడు. తిరిగొచ్చేసరికి గురువు ఇసుకలో గొంతుక్కూర్చుని, పెంకుముక్కతో ఒక్కొక్కటే ఎత్తి తట్టలో వేస్తున్నారు. జిలానీ సిగ్గుతో చచ్చిపోయాడు. ఆ పెంకు అందుకుని తనే కూర్చున్నాడు. మురికి అంటిన ఇసుకనంతా కూడా ఎత్తేశాడు.

తట్ట నిండింది.

"దీన్ని బయట ఎక్కడ పారబోయమంటారు హజ్రత్?"

గురువు నవ్వారు. "బయట అనేది ఎక్కడుందో నాకూ చూపించు బేటా."

జిలానీ తట్ట ఎత్తుకుని తకియాలోకే వెళ్ళి, తన గది వెనకాల లోతుగా గుంట తవ్వడం మొదలుపెట్టాడు. కుక్కపిల్లలు వచ్చి కాళ్ళకు అడ్డం పడుతుంటే నవ్వుతూ పక్కకు జరిపాడు.