అడుగు గట్టి చేసిన ఇంజిను

అనగనగా అన్నానని మరీ పాతకాలం అనుకోకండి పిల్లలూ. రాజులూ ఉన్నారు, డీజిలు ఇంజిన్లూ ఉన్నాయి. అదీ ఆ కాలం.

ఏటిగట్టు కింద మూడు చిన్న రాజ్యాలు ఉండేవి. నేలంతా పల్లం. వాన పడితే ఆ నీటిని ఇంజిన్లు ఏట్లోకి తోడిపోయాలి, లేదంటే వరి కుళ్లిపోతుంది. పెద్ద రాజ్యం వీరభానుడిది. నడిమిది విక్రమసేనుడిది. అన్నిటికన్నా పల్లంలో ఉన్నది వాళ్ల చెల్లెలు హేమాంగిది. ముగ్గురివీ ఒకే రకం ఇంజిన్లు.

ఒక వేసవిలో వర్తకుడొకడు ఇంజిన్లోకి గాలిని గట్టిగా ఊదే టర్బోలు తెచ్చాడు. "ఇది బిగిస్తే మీ ఇంజినుకు రెండింతల గుర్రాల బలం వస్తుంది ప్రభూ!" అన్నాడు. ముగ్గురూ కొన్నారు.

వీరభానుడు ఆ పూటే బిగించాడు. ఇంజిను చప్పుడు ఏటి అవతలికి వినబడింది. ఆయన మీసం దువ్వుకున్నాడు.

విక్రమసేనుడు ఇంకాస్త షోకైన మనిషి. టర్బోతోపాటు కొత్త పిస్టన్లు వేయించి, పైమూతకు ఇత్తడి తాపడం కూడా చేయించాడు.

హేమాంగి మాత్రం మేస్త్రి పోలయ్యను పిలిచి, "ఈ బలమంతా చివరికి ఎక్కడ పడుతుంది?" అని అడిగింది.

"అడుగునే తల్లీ. పిస్టన్లు తొక్కే తొక్కుడంతా రాడ్ల మీదుగా కింద తిరిగే ఇరుసు మీద, అదే క్రాంకు మీద పడుతుంది. క్రాంకును పట్టి ఉంచేవి బేరింగులు, వాటి కింది క్యాపులు, బోల్టులు. మనవి పాత బలానికే సరి."

"అయితే ముందు అడుగు సంగతి చూడు."

ఇంజిను విప్పారు. గట్టి ఉక్కుతో కొత్త క్రాంకు, లావుపాటి రాడ్లు వేశారు. క్యాపులు మందం చేసి, బోల్టులు పెంచి, అన్నిటినీ కలిపి కింద ఉక్కుపలక బిగించసాగారు. అన్నలు వచ్చి చూసి నవ్వారు. "నూనెలో మునిగి ఉండేదానికి ఇంత సింగారమెందుకే?" అన్నాడు విక్రమసేనుడు.

ఇంతలో తొలివాన పడింది. విప్పిన ఇంజిను నీళ్లెలా తోడుతుంది? హేమాంగి రాజ్యంలో నారుమళ్లన్నీ మునిగాయి. గంగమ్మ అనే రైతు కుళ్లిన నారు తెచ్చి ఆమె ముందు పడేసింది. "మీ అన్నల చేలు ఆరిపోయాయి, మావి చెరువులయ్యాయి. ఇదేనా తల్లీ నీ ఏలుబడి?"

హేమాంగికి ఏడుపొచ్చింది. తన గాదెలోని విత్తనాలన్నీ రైతులకు పంచిపెట్టింది. పోలయ్యను మాత్రం తొందరపెట్టలేదు.

రెండో వాన నాటికి ఇంజిను తయారైంది. దాని మీద టర్బో కూడా ఎక్కింది. ముగ్గురి పొలాలూ సమానంగా ఆరాయి.

మూడోసారి తుఫానే వచ్చింది. ఇంజిన్లన్నీ పూర్తి బలంతో తిరిగాయి. వీరభానుడి ఇంజిన్లో బేరింగులు కరిగి క్రాంకు రెండు ముక్కలైంది. విక్రమసేనుడి ఇంజిన్లో రాడ్డు విరిగి దాని పక్కగోడ పగలగొట్టుకుని బయటపడింది. ఇత్తడి మాత్రం మెరుస్తూనే ఉంది. పైన పటారం, లోన లొటారం అంటే అదే మరి!

అన్నలిద్దరూ తడిసి ముద్దై పరుగున వచ్చారు. "చెల్లీ, మా జనం ఇళ్లు మునుగుతున్నాయి. మన సరిహద్దు గట్టు కోసి మా నీళ్లు నీ కాలవలోకి వదలనివ్వు."

ఇంజిను ఆగిందా, మూడు రాజ్యాలూ ఒక్కసారే మునుగుతాయి. హేమాంగి మేస్త్రి వైపు తిరిగింది. "పోలయ్యా, నిలుస్తుందా?"

"ఎంత బరువు వేసినా అడుగు నిలుస్తుంది తల్లీ."

"కోయండి!"

గట్టు మీద మొదటి పలుగుపోటు గంగమ్మదే. మూడు రాజ్యాల నీళ్లూ కాలవలోకి దూకాయి. ఇంజిను నల్లటి పొగ కక్కింది, మూలిగింది, తుఫాను వెలిసేదాకా ఆగకుండా తోడింది.

తెల్లవారి అన్నలిద్దరూ పంచెలు ఎగగట్టి తమ ఇంజిన్ల కిందికి దూరారు. పోలయ్య బోల్టులు బిగించే పానాలు అందించాడు.

బలం పెంచుకోవాలనుకునేవాడు ముందు ఆ బలాన్ని మోసే అడుగును గట్టి చేసుకోవాలి.