కొర్లమ్మ ఎంచిన లైటు

అలకి ఇవతల, ఏటికి అవతల, ఇసక దిబ్బ మీద ఒక పేట ఉండేది. ఎప్పటి మాటంటే, రాత్రిపూట దారి చూపించే పని ఒక్క చంద్రుడిదే అయిన రోజుల మాట.

ఆ పేటలో మగవాళ్లు చేపలు పట్టేవాళ్లు. ఆడవాళ్లు వాటిని తట్టల్లో సర్దుకుని, నెత్తిన పెట్టుకుని, ఏరు దాటి సంతకి మోసేవాళ్లు. తెల్లారేసరికి సంతలో కూర్చోవాలి. ఎండెక్కితే ముందు చేప ధర పోతుంది, తరవాత చేపే పోతుంది. అందుకని చీకటితోనే బయల్దేరేవాళ్లు.

దారిలో మూడు కష్టాలు. మొదట సరుగుడు తోపు, దాన్నిండా పైకి తేలిన వేళ్లు. తరవాత ఏరు, దాన్నిండా మోకాటి బురద. ఆ తరవాత తాటిగట్టు, దానిమీద పాములు.

వాళ్ల నడకకి ఒక పద్ధతి ఉండేది. ఒకరి వెనక ఒకరు, బారుగా నడవాలి. వయసులో పెద్దది ముందుండాలి. పేటకి కొత్తగా కాపురానికొచ్చింది చివరుండాలి. ముందున్న మనిషి కాలికి వేరు తగిలితే "వేళ్లొచ్చాయి" అనేది. రెండోది మూడోదానికి "వేళ్లొచ్చాయి" అనేది. మాట అలా చేతులు మారినట్టు మారుతూ చివరిదాకా వెళ్లేది. బురదొచ్చినా అంతే, పామొచ్చినా అంతే. చివర నడిచే కోడలు ఆ మాటలు వింటూ వింటూ దారి నేర్చుకునేది.

ముందు నడిచేది కొర్లమ్మ. ఆమెకి చెప్పుకోదగ్గ ఇల్లు లేదు, చెప్పుకోదగ్గ నగ లేదు, చెప్పుకోదగ్గ చుట్టం లేదు. పాదాలున్నాయి. ఆ పాదాలకి దారి తెలుసు. చివర నడిచేది దాలమ్మ. కాపురానికొచ్చి రెండేళ్లు కాలేదు. పెనిమిటి వల లాగుతూ నడుం విరుచుకుని మంచాన పడ్డాడు. మరిది పడవలో వాళ్ల వాటా చేప వచ్చేది. దాలమ్మ తట్ట నడిస్తేనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది.

ముందు కొర్లమ్మ, వెనక బారు, చివర దాలమ్మ. అలా నడిచేవాళ్లు.

ఒకరోజు సరుగుడు తోపులో దాలమ్మ పడింది. తట్ట దొర్లింది. అందరూ వంగి చేపలేరారు. కొత్త కదా అనుకున్నారు.

ఇంకోరోజు ఏట్లో పడింది. తట్ట మునిగింది. అందరూ తడిసి చేపలేరారు. ఈసారి ఎవరూ ఏమీ అనుకోలేదు, అంటే మనసులో చాలా అనుకున్నారు.

అప్పుడే సంతలోకి బ్యాటరీ లైట్లు కొత్తగా వచ్చాయి. పేట ఆడవాళ్లంతా కలిసి ఒక లైటు కొందామనుకున్నారు. బేరానికి గన్నెమ్మ వెళ్లింది. గన్నెమ్మ నోరున్న మనిషి. ఆ రోజుల్లో బ్యాటరీ లైటు కొనడానికి ఒక పరీక్ష ఉండేది. మసక పడ్డాక కొట్టు ముందు నిలబడి తాటిచెట్టు మొవ్వు మీదకి వెలుగు కొట్టాలి. మొవ్వు కనబడితే లైటు మంచిది. పక్క ఊరి తాటిచెట్టు కనబడితే ఇంకా మంచిది. గన్నెమ్మ ఎండుచేపల బుట్టలిచ్చి, మోచెయ్యంత పొడుగున్న లైటు తెచ్చింది. దాని వెలుగు ఏటి అవతలి గట్టుని తాకింది. పేటంతా వచ్చి చూసింది. మగవాళ్లు దాంతో ఎందుకూ పనికిరాని దూరాలన్నీ చూశారు.

మర్నాడు తెల్లవారుజామున దాన్ని కొర్లమ్మ చేతిలో పెట్టారు. ఆమె ముందుకి వెలుగు కొట్టింది. ముందున్నదంతా పగలైంది. ఆమె వెనక, ఆమె నీడలో, ఉన్న చీకటి రెట్టింపైంది. ముందు కొర్లమ్మ, వెనక బారు, చివర దాలమ్మ. ఏటి దగ్గర మాట చివరిదాకా వచ్చేసరికి, చివర మనిషి లేదు.

వెతికారు. దాలమ్మ బారు తప్పి ఏటి ముఖం వైపు, సముద్రం లాగేసుకునే లోతు వైపు నడుస్తోంది. నడుముల్లోతు నీళ్లలో ఉంది. కొర్లమ్మ వెళ్లి జడ పట్టుకుని లాక్కొచ్చింది.

సంతలో చేపలమ్ముకున్నాక గన్నెమ్మ, అక్క వరసైన కొర్లమ్మతో తేల్చి చెప్పింది.

"అప్పా, ఇది మనతో రాకూడదు. ఎన్నెలున్నన్నాళ్లు రానీ. అమాస దాటాక వద్దు. రేపు దీని పీనుగ మోసుకుని ఏ సంతకెళ్తాం?"

మిగతావాళ్లు తలొంచుకున్నారు. అది ఒప్పుకోవడమే.

ఆ సాయంత్రం కొర్లమ్మ దాలమ్మ గుమ్మంలోకి వెళ్లింది. పొద్దు కుంకుతోంది. దాలమ్మ నీళ్లచెంబు ఇవ్వబోయి, కొర్లమ్మ చేతికి జానెడు పక్కన గాలికి ఇచ్చింది. చెంబు కింద పడింది.

"ఎన్నాళ్లనుంచే?" అంది కొర్లమ్మ.

దాలమ్మ తడి నేల తుడుస్తూ కూర్చుంది. "ఊహ తెలిసినకాడ్నించి."

"రేసీకటి?"

"ఊఁ."

"మేక కార్జం తినకపోయావా?"

"మా పుట్టినూళ్లో మేకలన్నీ నన్ను సూసి పారిపోయేవి అప్పా. అంత కార్జం తిన్నాను. కడుపు నిండింది గాని కళ్లు రాలేదు."

కొర్లమ్మ నవ్వలేదు గానీ నవ్వొచ్చింది. "మరి సెప్పకపోయావా?"

"సెప్తే అప్పుడే ఆపేసేవోరు. ఇప్పుడైతే మూడోసారికి ఆపారు. అన్నాళ్లు పొయ్యి ఎలిగింది కదా."

కొర్లమ్మ చెంబు తీసి గుమ్మం పక్కన పెట్టింది. "రేపు తట్ట అమ్మాక నాతో రా. ఆ పొడుగు లైటు నేనట్టుకొస్తాను."

మర్నాడు పట్టపగలు ఇద్దరూ కొట్లోకి వెళ్లారు. కొట్టు జగన్నాయకులుది. బియ్యం, బెల్లం, మేకులు, లైట్లు అన్నీ అమ్మేవాడు.

"బాబూ, ఇది మార్సాలి," అంది కొర్లమ్మ.

"అదేంటమ్మా, దానికన్నా దూరం పడేది ఈ జిల్లాలో లేదు."

"దూరం మాకొద్దు. దూరం ఎక్కడికి పోద్ది? నడిస్తే అదే దగ్గరికొస్తది. నీ దగ్గరున్నవన్నీ తియ్యి. బస్తాల గది తలుపు కూడా తియ్యి."

"బస్తాల గది ఎందుకు?"

"సీకటి కావాలి."

జగన్నాయకులు మంచివాడు, పైగా బేరం లేని పూట. బస్తాల గది తెరిచాడు. కొర్లమ్మ అడుగున చేపలు మిగిలిన తట్ట దాలమ్మ నెత్తిన పెట్టి, ఆమె ఎడంచెయ్యి దానికి ఆనించింది. ఆమె కుడిచేతిని తట్టలో చేప జిగురులో ముంచింది.

"అమ్మా, నా బియ్యం," అన్నాడు జగన్నాయకులు.

"నీ బియ్యాన్నేం సెయ్యదు. తలుపెయ్యి."

చీకటైంది. కొర్లమ్మ ముందు పాత పొడుగు లైటే ఇచ్చింది. దాని బొత్తాం నొక్కి ముందుకి జరపాలి. జిగురు వేలు జారింది. మళ్లీ జారింది. మూడోసారికి వెలిగింది.

"ఏటి కనబడింది?"

"గోడ. గోడమీద బొద్దింక."

"కాలు?"

"కాలు నేదు."

రెండోది తళతళలాడే చిన్న లైటు. దానికి బొత్తాం లేదు, తల తిప్పితే వెలుగుతుంది. ఒక చేత్తో తల తిరగదు. దాలమ్మ తట్ట వదిలి రెండో చెయ్యి సాయం తెచ్చింది. తట్ట ఒరిగి ఒక చేప బియ్యం బస్తా మీద పడింది. జగన్నాయకులు బయటనుంచి చప్పుడు విని, ఏమిటని అడగడానికి భయపడ్డాడు.

"ఏటి కనబడింది?"

"నా ముక్కు."

మూడోది నల్లగా, పొట్టిగా, బోర్లించిన గ్లాసులా ఉంది. తల వెడల్పు, నెత్తిన బొటనవేలంత బొత్తాం, తోకకి తాడు. పశువుల పాకలోకి తప్ప ఎవరూ కొనరని జగన్నాయకులు ముందే చెప్పాడు. దాలమ్మ తాడు మణికట్టుకి తగిలించుకుంది. బొత్తాం నొక్కింది. వెలిగింది. నొక్కింది. ఆరింది. నొక్కింది.

"ఏటి కనబడింది?"

వెలుగు నేల మీద ఇటూ అటూ కదిలింది.

"ఏటే పిల్లా?"

"నా కాళ్లు," అంది దాలమ్మ. "రెండూను."

"తలుపు తియ్యి బాబూ. ఇదే," అంది కొర్లమ్మ.

లైటు చూసి పేట నవ్వింది. గన్నెమ్మ దాన్ని తాటిచెట్టు వైపు కొట్టి చూసింది. మొవ్వు కాదు కదా, మొదలు కూడా కనబడలేదు.

"అప్పా, పెద్ద లైటిచ్చి దీన్ని తెచ్చావా? ఇది మిణుగురు పురుగుతో పోటీ పడ్తాదా?"

"పడ్డానికి దీన్ని తేలేదే. పడకండా ఉండ్డానికి తెచ్చాను."

"సరే, నువ్వే ముందు కదా, నువ్వే అట్టుకో."

"నాకెందుకు? నాకు దారి తెలుసు. ఈ పిల్లకి తెలవదు, కనబడదు. ఎవులికి కనబడదో ఆల సేతికియ్యాలి దీపం. దాలమ్మ అట్టుకుంటది. నా ఎనకే నడుస్తది."

"కొత్త కోడలు నా ముందా?"

"నీ కళ్లు బాగున్నాయి గన్నెమ్మా. అది సంతోషమే కదా."

గన్నెమ్మ, అమాస దాటాక చూద్దాం, ఒక్కసారి పడినా మళ్లీ మాటెత్తొద్దు అంది. కొర్లమ్మ సరే అంది.

అమాస దాటింది. చంద్రుడు సాయంత్రమే వచ్చి వెళ్లిపోయే రోజులు. తెల్లవారుజామున కాటుకలాంటి చీకటి. ముందు కొర్లమ్మ, వెనక దాలమ్మ, ఆ వెనక బారు.

తోపు వచ్చింది. "వేళ్లొచ్చాయి" అంది కొర్లమ్మ. దాలమ్మ కాళ్ల దగ్గర వెలుగు చాపలా పరుచుకుంది. వేరు దాటింది. ఆ వెలుగులోనే గన్నెమ్మ కూడా దాటింది.

ఏరు వచ్చింది. చీర ఎగ్గట్టాలంటే చెయ్యి కావాలి. దాలమ్మ బొత్తాం నొక్కి లైటు ఆర్పి వదిలేసింది. అది మణికట్టుకి వేలాడింది. బారంతా చీకట్లో ఆగింది. నీళ్ల చప్పుడు తప్ప చప్పుడు లేదు. లోతు ఎటుందో అందరికీ తెలుసు. దాలమ్మకి ఎక్కువ తెలుసు. చీర దోపుకుని, తడి చేత్తో తడుముకుని, నొక్కింది.

వెలిగింది. నీళ్లు, నీళ్ల కింద బురద, బురదలో కొర్లమ్మ పాదం వదిలిన గుర్తు కనబడ్డాయి. ఆ గుర్తులో తన పాదం పెట్టింది. తరవాత గన్నెమ్మ పెట్టింది.

తాటిగట్టు మీద ఎవరూ దారి మాట అందించుకోలేదు. అవసరం పడలేదు. కొర్లమ్మ మాత్రం పాత అలవాటు కొద్దీ ముందు చీకట్లో నడుస్తూ చెబుతూనే ఉంది. వెనకవాళ్లు కబుర్లలో పడ్డారు. సంతలో కూర్చున్నాక గన్నెమ్మ దాలమ్మ తట్ట దించడానికి చెయ్యిచ్చింది.

దాలమ్మ ఇంట్లో పొయ్యి వెలుగుతూనే వచ్చింది. పెనిమిటి లేచి కూర్చున్నాడు, పిల్లలయ్యారు. కొర్లమ్మ కళ్లకి పొరలొచ్చాయి. అప్పటికి దాలమ్మ పాదాలకీ దారి తెలుసు. లైటు ఆమె చేతిలోంచి కొర్లమ్మ చేతికి వెళ్లింది. ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఒక వానాకాలం కొర్లమ్మ నిద్రలోనే పోయింది. తెల్లారి ఏట్లో నీళ్లు తగ్గాక పేట మొత్తం ఆమెను తాటిగట్టు మీదుగా కాటికి మోసుకెళ్లింది.

ఇప్పుడు ఏటి మీద వంతెనుంది. తట్టలు ఆటోల్లో వెళ్తున్నాయి. బారుగా నడిచిన ఆడవాళ్లలో ఎవరూ లేరు. అయినా ఆ చుట్టుపక్కల కొట్లలో ఇప్పటికీ బ్యాటరీ లైట్ల పక్కన ఒక చెంబెడు నీళ్లుంటాయి. కొనేవాళ్లు చెయ్యి ముంచి, ఒంటిచేత్తో నొక్కి, తమ కాళ్ల మీదకి కొట్టుకుని చూస్తారు. కాళ్లు కనబడితే కొర్లమ్మ లైటు అంటారు. కనబడకపోతే తాటిచెట్టుకి అమ్ముకోమంటారు.

పేటలో కరెంటు పోయిందనుకోండి. లైటు ఎవరికి ముందు దొరికితే వాళ్లు దాన్ని వెలిగించుకుని కూర్చోరు. "ఎవులికి కనబడదు?" అని చీకట్లోకి అడుగుతారు. ఎవరో ఒకరు సిగ్గుపడకుండా "నాకు" అంటారు.