పిచ్చి మొక్కల పేజీలు

వేదాద్రికి వచ్చిన చిక్కల్లా పుస్తకం చివరి పేజీల దగ్గర.

వెలిగొండల అడుగున కొండయ్యస్వామి మఠంలో అతను ఆరేళ్లుగా శిష్యుడు. ఆ ఆరేళ్లూ మఠం హద్దుల్లో మొలిచే ప్రతి మొక్కనీ ఒక లావుపాటి పుస్తకంలోకి ఎక్కించాడు. పూజకు పనికొచ్చేవి, మందుకు పనికొచ్చేవి, వంటకు, కలపకు, నీడకు. దేని వరస దానిదే. ఏ వరసలోకీ రానివాటిని చివర్లో "పిచ్చి మొక్కలు" అనే పేరు కింద వేశాడు. తీరా చూస్తే ఆ వరసే అన్నిటికన్నా పెద్దదైంది. పేజీలు చాలక కొత్త కాగితాలు కుట్టాల్సి వచ్చింది.

"సృష్టిలో పనికిరానివే ఎక్కువున్నాయి స్వామీ," అన్నాడు గురువుతో, తప్పు సృష్టిదే అయినట్టు.

"ఎవరికి పనికిరానివి?" అన్నారు కొండయ్యస్వామి.

వేదాద్రి ఆ మాట చెవిన పెట్టలేదు. పెట్టి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది. పుస్తకం దిద్దడం కన్నా నేల దిద్దడమే సులువనిపించింది ఆ మహానుభావుడికి. మర్నాడు పొద్దున్నే పార పట్టుకుని మఠం వెనక కాలవగట్టుకి వెళ్లి, ఆ పేజీల్లో ఉన్నవన్నీ వేళ్లతో సహా చెక్కేశాడు. ఆ ఏడు వానల్లేవు. మఠం బావి కింది తోట తప్ప, చుట్టుపక్కల పచ్చగా ఉన్నది ఆ గట్టొక్కటే. అదైనా ఆలోచించాడా అంటే, లేదు. పీకినవన్నీ కుప్పపోసి, ఎండాక తగలబెడదామనుకున్నాడు.

కాస్త పొద్దెక్కాక పెంచలమ్మ వచ్చింది. ఆమె కొండ కింద యానాదుల గుడిసెల్లో ఉంటుంది. మొగుడు చెట్టు మీంచి పడి మంచం పట్టాక, రోజూ ఆ గట్టు మీద ఆకు కోసుకునే ఇల్లు నెట్టుకొస్తోంది. బోసిపోయిన గట్టునీ, పక్కన కుప్పనీ చూసి నేరుగా అతని మీదికొచ్చింది.

"ఎవురు పీకింది?"

"నేనే. అవన్నీ పిచ్చి మొక్కలు," అన్నాడు వేదాద్రి.

"పిచ్చి ఎవురికి సామీ? మూడు నెల్లబట్టి ఈ ఆకే ఉడకేసుకోని బతకతా ఉండాం. మీకు అన్నం ఎక్కువై పిచ్చెక్కిందా?"

వేదాద్రికి ఒళ్లు మండింది. ఇది మఠం నేల అని గొంతు పెంచాడు. ఆ కేకకి గురువు బయటికొచ్చారు.

కొండయ్యస్వామికి కోపం రావడం అంతకుముందు ఎవరూ చూసి ఎరగరు. ఆ రోజు వచ్చింది. మొహం ఎర్రబడింది. వంగి ఆ కుప్పనంతా తన పైపంచెలో మూటగట్టి, డెబ్బై ఏళ్ల మనిషి, నెత్తికెత్తుకుని గుడిసెలవైపు నడిచారు.

"నేను మోస్తాను స్వామీ, ఇటివ్వండి," అని వేదాద్రి వెంటపడ్డాడు.

"నువ్వు నీ పుస్తకం తెచ్చుకో."

పెంచలమ్మ గుడిసె ముందు మూట దించారు. ఆమె కోపం ఇంకా దిగలేదు. వడిలిపోయినవి ఒక పక్కకీ, ఇంకా బతికున్నవి ఇంకో పక్కకీ విసురుతూ, తిడుతున్నట్టే పేర్లు చెప్పింది. "ఇది గలిజేరు. ఇది చెంచలి, ఇది గురుగు. ఇది తుమ్మి, మా నాయనకి దగ్గొస్తే దీన్నే పెట్టేది. ఇది పొన్నగంటి, ఇది కూడా తెలవదా నీకు?"

గురువు పుస్తకం వైపు వేలు చూపించారు. వేదాద్రి ఒక్కొక్క మొక్కనీ ఆ చివరి పేజీల్లోంచి కొట్టేసి, ఆమె చెప్పిన పేరు రాసుకుంటూ పోయాడు. సిగ్గుతో తలెత్తలేకపోయాడు.

"ఈ పూటకి కూరవుద్ది," అంది పెంచలమ్మ. "రేపేం వండేది?"

"మఠం తోటలో వంకాయలున్నాయి, బెండకాయలున్నాయి. రోజూ వచ్చి తీసుకెళ్లు," అన్నాడు వేదాద్రి.

"అవి మీరిస్తే తినేవి. ఇవి ఎవుర్నీ అడక్కుండా కోసుకునేవి."



కుప్ప అడుగున ఒక మొక్క మిగిలింది. సన్నటి ఆకు, గోరంత ఊదాపువ్వు. పెంచలమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పింది, ఆకు నలిపి వాసన చూసింది, పెదవి విరిచింది. వేదాద్రికి ప్రాణం లేచొచ్చింది.

"ఇదైతే పిచ్చి మొక్కే కదా?"

"అట్టని నేనెందుకంటా సామీ? నాకు తెలవదు," అంది. మొక్క వేర్లు ఇంకా పచ్చిగానే ఉండటం చూసి, నీళ్లకుండ పక్కన తడినేలలో దాన్ని నాటింది.

వేదాద్రి కలం పట్టుకుని గురువు మొహంలోకి చూశాడు. "దీన్ని ఏ వరసలో వేయమంటారు స్వామీ?"

"ఆమె చెప్పింది కదా. రాసుకో," అన్నారు కొండయ్యస్వామి. ఆయన గొంతులో కోపం ఇంకా తగ్గలేదు.

వేదాద్రి కొత్త పేజీ తిప్పాడు. చాలాసేపటికి, పైన "నాకు తెలవదు" అని రాశాడు.