మడుగు అంచున గులకరాళ్లు

అనగనగా ఒక అడవి, అడవి నడుమ ఒక మడుగు, మడుగు గట్టున పీతల బొరియలు. అన్నిటికన్నా పెద్ద బొరియలో వక్రపాదుడనే ముసలి పీత బడి నడిపేవాడు. పొద్దున లెక్కలు, మధ్యాహ్నం నీటి గుణాలు. రెండూ చీకట్లో వల్లెవేయడమే. పెంకు గట్టిపడేదాకా పిల్లలు గడప దాటరాదని పీతల కట్టుబాటు.

తుంగ అనే పిల్లపీతకు మాత్రం కాలు నిలవదు. ఎండకు నీరు ఆవిరవుతుందని వల్లించీ వల్లించీ, అదెలాగో చూడాలని దానికి ఒకటే ఆరాటం. ఒకనాడు మెల్లగా జారుకుని, నీటి అంచున గుర్తుగా ఒక నత్తను పెట్టి వచ్చింది. మర్నాడు చూస్తే నత్తకూ నీటికీ మధ్య ఎడం. నీరు తగ్గిందా, నత్త నడిచిందా? తన తెలివికి తనకే నవ్వొచ్చింది. నడిచేదాన్ని గుర్తుగా పెడతారా ఎవరైనా!

ఈసారి గులకరాయి పెట్టింది. మర్నాడు తన ముందుకాలి డెక్కతో కొలిస్తే, నీరు ఒక డెక్క పొడవు వెనక్కి పోయింది. కొత్త అంచున ఇంకో రాయి పెడితే, ఆ మర్నాటికి రెండు డెక్కలు. మూడో రాయికి నాలుగు. ఎందుకిలా? తుంగ నీళ్లలోకి దిగి నేల తడిమింది. గట్టు దగ్గర ఏటవాలు, లోపల పళ్లెంలా చదును; అందుకే లోపలికి పోయేకొద్దీ అంచు ఇంకా వేగంగా వెనక్కి పోతోంది. మడుగు నడిమికి ఇక పన్నెండు డెక్కలే.

పరుగున వెళ్లి సంగతి చెప్పి, అడవిలోని ఏటికి పోదామంటే వక్రపాదుడు ముందు గడప దాటినందుకు చీవాట్లు పెట్టాడు. మొదటి రోజులాగే రోజుకు డెక్క చొప్పున పన్నెండు రోజులు, ఈలోగా వానలు రానే వస్తాయన్నాడు. మెత్తని పెంకుల పిల్లలతో ఏటికి బయలుదేరితే దారిలో కొంగల పాలేనన్నాడు.

“తాతా, నీరు రోజూ ఒకేలా తగ్గడం లేదు. రేపు ఎనిమిది తగ్గితే, ఎల్లుండికి మిగిలేది బురదే. ఒక్కసారి వచ్చి చూడండి.”

ముసలాయనకు కోపం వచ్చింది. కానీ పిల్లల ప్రాణాలాయె. పక్కపక్కగా నడిచి వెళ్లాడు, తన డెక్కతో కొలిచాడు, నేల తడిమాడు.

“ఇన్నేళ్లూ నీటి గురించి చెప్పాను గానీ, నీటి దగ్గరికి రాలేదమ్మా” అన్నాడు.

కొంగలు గూళ్లకు చేరగానే పీతలన్నీ పిల్లల్ని వీపున మోస్తూ ఏటికి కదిలాయి. రెండు రోజులకు మడుగులో బురదే మిగిలింది. వాన చుక్క రాలలేదు. ఏటి ఒడ్డున ఇసుకలో వక్రపాదుడు మళ్లీ బడి పెట్టాడు. ఆ బడికి గడపే లేదు.

కంటితో చూసినదాన్ని లెక్కకట్టాలి, లెక్కకట్టినదాన్ని కంటితో చూడాలి; అప్పుడే అది చదువు.